పట్టికకెక్కని పక్షి: మెదకు కోట గండభేరుండము ఆత్మకథ

ఒక దేహమును రెండు శిరస్సులను దాల్చి, మెదకు దుర్గపు ప్రధానద్వారమున నిలిచి, వచ్చువారిని పోవువారిని శతాబ్దములుగా చూచుచున్న గండభేరుండమును నేను. నన్ను దాటి కొండ నెక్కినచో సింహద్వారమున క్రూరముగ నోరు తెరచిన సింహములు రెండును, గజద్వారమున నొండొంటితో పెనగొనిన యేనుగులును కానవచ్చును. వారు నా తోబుట్టువులు.

ఉగ్రనరసింహుని శమింపజేయ శరభము రాగా, దానిని జయించుటకు నరసింహుడు దాల్చిన రూపమే నేనని పౌరాణికులు చెప్పుదురు. అట్టి రూపమును రాతిలో నిలిపి కోటవాకిట కావలి యుంచిరి. నా క్రిందుగా కాకతీయుల కాలము గడచినది, కుతుబ్‌షాహీల కాలము వచ్చినది. ఊరు గుల్షనాబాదను పేరు మోసినది. కొండపై మసీదు వెలసినది, ధాన్యపు కొట్లు నిండినవి, పెద్ద ఫిరంగి వచ్చి నిలిచినది. ఇన్నింటిని చూచిన గర్వము నాకు నేటికిని కలదు.

గర్వమెంతయో, వెలితియు నంతయే. చూడవచ్చిన వారికి నన్ను కాకతీయుల రాజచిహ్నమని చూపింతురు. కాని కాకతీయుల రాజముద్రపై నున్నది వరాహము! మరి నేనెవరివాడను? ఉలి పట్టిన చేతిని నేనెరుగుదును. అయినను రాతి మాట సాక్ష్యముగ చెల్లదు. ఊరంతయు నెరిగిన వాడైనను పహాణీలో పేరెక్కని రైతు బ్రదుకు నాది.

ఈ ఊరిలోనే ఇందుకు భిన్నమైన భాగ్యము కూడ కలదు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కట్టించి, 1924లో ప్రతిష్ఠ గావించిన పెద్దచర్చిలో రంగుటద్దముల కిటికీలు మూడు కలవు. క్రీస్తు ఆరోహణము 1927 నాటిది, జననము 1947 నాటిది, సిలువ ఘట్టము 1958 నాటిది; చిత్రించినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. చిత్రకారుడెవరో, ఏ యేట అమర్చిరో, చిత్రమున నున్న కథ యేదియో, అడిగినవారికి తడుముకొనక చెప్పగలరు. నాకు ఈర్ష్య లేదు. ఆ మూడు మాటలు నాకును దక్కవలెనను ఆశ మాత్రమున్నది.

ఈ ఆశ పుట్టినది నా ద్వారపు నీడలో. కళాచరిత్ర చదివిన ఒక ఉపాధ్యాయుడు తన శిష్యునకు సముద్రాంతర ముచ్చట యొకటి చెప్పుచుండగా వింటిని. గ్రీసు, రోము దేశముల పురాణగాథల బొమ్మలను, అవి కుండలపై నున్నను, నాణెములపై నున్నను, పాలరాతి శిల్పములైనను, ఒక్కచోట చేర్పవలెనని లిల్లీ కాహిల్ అను విదుషి సంకల్పించెనట. స్విట్జర్లాండులోని బాసెల్ కేంద్రముగ అనేక దేశముల పండితులు చేరి 1981 మొదలు 1997 వరకు ఎనిమిది సంపుటములను వెలువరించిరి. 1999లో సూచికలు, 2009లో అనుబంధము వచ్చినవి. ప్రతి సంపుటమునకు వ్యాఖ్యకొక భాగము, చిత్రపటముల కొక భాగము. దేవత పేరు, ప్రాచీన గ్రంథములలోని ప్రస్తావనలు, పిదప ఒక్కొక్క బొమ్మ యెక్కడ నున్నది, ఏ కాలమునాటిది అను వివరము. రెండు తలల కుక్క ఓర్త్రోస్‌కు సైతము అందు చోటు దొరకినది. ఆ మాట విని నా రెండు తలలును ఉలికిపడినవి.

"సార్, మనదిట్ల ఎవరు రాయలేదా?" అని బాలుడడిగెను.

"రాసిన్రు బిడ్డా, గోపీనాథరావుగారు రాసిన్రు. కాని అది వేరు."

ఆ భేదము నాకు తెలిసినది. టి.ఎ. గోపీనాథరావుగారు 1914, 1916 సంవత్సరములలో ప్రకటించిన ప్రతిమాలక్షణ గ్రంథము మహోపకారి. దేవత చేతులలో నేమేమి యుండవలెనో, వాహనమేదియో ఆగమములను ముందిడుకొని చెప్పినది. లక్షణము చెప్పుట యొకటి, ఉన్న ప్రతిమల నన్నింటిని వెదకి వ్రాసికొనుట మరియొకటి. ఈ రెండవదానికి ఒక మహాపండితుడు చాలడు. ఊరికి పదిమంది కావలెను.

నాకు బంధువులు లేకపోలేదు. కన్నడ దేశమున బళ్ళిగావెలో 1047 నాటి స్తంభముపై నాబోటివాడు మానవదేహముతో, రెండు పక్షిశిరస్సులతో నిలిచియున్నాడు. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల నాణెములపై నావాడు ఏనుగులను ముక్కులతోను గోళ్ళతోను ఎత్తిపట్టినాడు. మైసూరు రాజుల చిహ్నమైనవాడు నేడు కర్ణాటక ప్రభుత్వముద్రపై వెలుగుచున్నాడు. మమ్మందరిని ఒక పుటలో ప్రక్కప్రక్కన నిలిపి, ముక్కు తీరును, రెక్క వాలును, పట్టిన యేనుగుల సంఖ్యను పోల్చి చూచిననాడు గదా నా వంశము తేలును! రాజచిహ్నమన్న పుకారు అప్పుడు ఋజువగునో, కొట్టుపడునో, నాకు రెండును సమ్మతమే.

అంతవరకు ఎండలును వానలును నా యీకల గీతలను నమలుచున్నవి. కోటగోడలపై మేకుతో తమ పేర్లు గీచుకొనువారు కొందరు వచ్చుచుందురు. వారి పేర్లు వారికి దొరకినవి, నా పేరు నాకు దొరకలేదు. దొంగ చేతనో పిడుగు చేతనో నేను రాలిపోయితినా, ఇది మెదకు కోటది, ఇట్లుండెడిది అని చెప్పు కాగితముండవలెను.

మెదకు బడులలోని బాలబాలికలారా! కోటకు వచ్చునప్పుడు కొలబద్ద యొకటి వెంటదెచ్చి నా ప్రక్కన పెట్టి ఛాయాచిత్రము తీయుడు. ఏ ద్వారము, ఏ ముఖము, ఎన్ని మూరల యెత్తు, ఎచ్చట విరిగినది, చూచిన తేదీ యేది, ఇన్నియు పుస్తకమున వ్రాయుడు. పిదప సింహముల కడకు, ఏనుగుల కడకు పొండు. వారిని గూడ విడువకుడు.