అప్పగింతల దగ్గర ఆగిపోయే డిస్కు

మొన్న సంక్రాంతికి వచ్చిన మనవడు బీరువా మీదున్న నా పాత లాప్‌టాప్ దించి, పక్కనున్న చిన్న బొత్తాం నొక్కాడు. ట్రే టక్కుమని అంగుళం మేర బయటికొచ్చి ఆగింది. "తాతయ్యా, ఇది ఊడొచ్చింది!" అని కంగారు పడ్డాడు. పద్నాలుగేళ్లవాడు, కంప్యూటర్ ఇంజినీరు అవుతానంటాడు. డీవీడీ రైటర్‌ని దగ్గరగా చూడటం వాడికదే మొదటిసారి.

చూడకపోవడం వాడి తప్పేమీ కాదు, ఈ రోజుల్లో ఏ లాప్‌టాప్‌కి ఉంది గనక! ఆపిల్ వాళ్లు 2008లో డిస్కు డ్రైవ్ లేకుండానే మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చారు. తర్వాత ఒక్కొక్కరూ అదే దారి పట్టారు. రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ కూడా 2025 ఫిబ్రవరితో ఆపేసింది. ప్రపంచంలో ఖాళీ డిస్కులు చేసే పెద్ద కంపెనీల్లో ఒకటైన మోజర్ బేర్ మన నోయిడాలోనే ఉండేది. 2018లో దాన్ని మూసి ఆస్తులు అమ్మేయమని ఉత్తర్వులొచ్చాయి. వస్తువులు పోతాయి, పోనివ్వండి. ఆ వస్తువుతోపాటు ఒక అలవాటు పోయింది. రాసినదాన్ని తిరిగి చదివి చూసుకునే అలవాటు. నా బాధంతా దాని గురించే.

2006లో నాది తెనాలిలో పెళ్లి వీడియోల మిక్సింగు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, మూడు అంతస్తులు తిరిగి, ఆరు షాపుల్లో ధర అడిగి లాప్‌టాప్ కొన్నాను. డెస్క్‌టాప్ ఉండగా లాప్‌టాప్ ఎందుకని ఇంట్లో అడిగారు. కరెంటు కోసం. రైటింగు సగంలో ఉండగా కరెంటు పోతే ఆ డిస్కు చెత్తబుట్టకే. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది. అలాగని బ్యాటరీ మీద రాసేవాడిని కాను. చార్జరు ప్లగ్గులోనే ఉండాలి, బ్యాటరీ ఆపద్ధర్మానికి.

లాప్‌టాప్ రైటర్ సన్నటి ప్రాణి. మందం 12.7 మిల్లీమీటర్లు, తర్వాతి వాటిది 9.5. డెస్క్‌టాప్ డ్రైవ్‌లా మోటారుతో ట్రే బయటికి రాదు, చేత్తో లాగాలి. లెన్సు కూడా ట్రేతోపాటే బయటికొస్తుంది, దాని మీద ఊదకూడదు, వేలు తగలకూడదు. డిస్కుని నడిమి బొడిపె మీద పెట్టి, కింద అరచెయ్యి ఆనించి, టక్కుమనే దాకా నొక్కాలి. ఇంత సున్నితమైన దాన్ని పెట్టె మీది అంకె చూసి నమ్మగలమా? పరీక్ష పెట్టాలి.

నా డ్రైవ్ మీద 8ఎక్స్ అని రాసి ఉండేది. డీవీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు 1,385 కిలోబైట్లు. 4.7 గిగాబైట్ల నిండు డిస్కు ఆ వేగంతో రాస్తే 56 నిమిషాలు దాటుతుంది. ఎనిమిదితో భాగిస్తే ఏడు నిమిషాలు రావాలి. స్టాప్‌వాచ్ పెట్టి చూశాను, పదకొండు నిమిషాలు. ఇంకో డిస్కు పెట్టాను, మళ్లీ పదకొండే. షాపతన్ని అడిగితే "లాప్‌టాప్ అంతే సార్" అన్నాడు. అంతే అంటే ఎలా కుదురుతుంది? కూర్చుని గ్రాఫు తీశాను. డీవీడీని లోపలి నుంచి బయటి అంచు వైపు రాస్తారు. తీర్థంలో రంగులరాట్నం మీద నడిమి కంబం దగ్గర కూర్చున్న పిల్లాడికీ, అంచున కూర్చున్న పిల్లాడికీ చుట్టు ఒకటే, కానీ అంచునున్నవాడు ఎక్కువ దూరం తిరుగుతాడు. డిస్కూ అంతే. తిరిగే వేగం మారకపోతే లోపల 3.3ఎక్స్ దగ్గర మొదలై, బయటి అంచుకి చేరాకే 8ఎక్స్ అందుతుంది. లోపలైనా, అంచునైనా డిస్కు నిమిషానికి సుమారు 4,600 చుట్లే తిరుగుతూ ఉంటుంది. పెట్టె మీద రాసిన 8ఎక్స్ ఆ చివరి అంచుది. సగటు తీస్తే ఐదున్నర, ఆరు మధ్య.

ఆ చివరి అంచే నా పరువు తీసింది.

2005లో, ఈ లాప్‌టాప్ కొనక ముందు, బయట ఒకచోట డిస్కులు రైట్ చేయించేవాణ్ణి. ఒక పెళ్లికి రెండు డీవీడీలు ఇచ్చాను. ఏడాదిన్నర తర్వాత పెళ్లికూతురి తండ్రి ఆ డిస్కు చేత్తో పట్టుకుని వచ్చాడు. "తలంబ్రాల దాకా బానే వస్తోందండీ. అప్పగింతల దగ్గర ఆగిపోతోంది. అమ్మాయి దుబాయ్‌లో ఉంది. మా ఆవిడకి చూడాలనిపించినప్పుడల్లా అక్కడే ఆగిపోతోంది" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. పెళ్లిలో అప్పగింతలు ఆఖర్న. వీడియోలో కూడా ఆఖర్న. డిస్కులో ఆఖరు అంటే బయటి అంచు. రాసేటప్పుడు వేగం ఎక్కువగా ఉండేదీ, రంగుపూత సరిగ్గా అంటకపోతే ముందు పాడయ్యేదీ, చేతులు ఎక్కువగా తగిలేదీ అదే. ఏ ఇంట్లోనైనా అందరికన్నా ఎక్కువగా చూసుకునే ఘట్టాన్ని తీసుకెళ్లి డిస్కులో అన్నిటికన్నా బలహీనమైన చోట పెట్టాను. అసలు టేపు నా దగ్గర ఉండబట్టి మళ్లీ చేసిచ్చాను.

ఆ రోజు నుంచి పరీక్షించకుండా డిస్కు ఇవ్వలేదు. కొత్త డబ్బా తెరిస్తే ముందు రెండు డిస్కులు పరీక్షకే. ఒకటి 8ఎక్స్‌లో, ఒకటి 4ఎక్స్‌లో. 4ఎక్స్‌కి పద్నాలుగు నిమిషాలు పట్టేది. నా డ్రైవ్‌లో చాలా డబ్బాలకి అదే మంచి ఫలితమిచ్చింది. నెమ్మదిగా రాస్తే ఎప్పుడూ మంచిదే అనుకునేవాళ్లు అప్పుడూ ఉండేవారు, అది నిజం కాదు. 16ఎక్స్ కోసం చేసిన డిస్కుని మరీ తక్కువ వేగంలో రాస్తే తప్పులు పెరిగిన సందర్భాలు నేను చూశాను. ఏ డబ్బాకి ఆ డబ్బాయే. పైన ఏ పేరున్నా లోపల డిస్కు చేసినవాడి గుర్తు వేరే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో అది కనిపిస్తుంది. దాన్ని కూడా నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి.

రాసిన డిస్కుని నా లాప్‌టాప్‌లోనే చదివి సరే అనుకునేవాణ్ణి కాదు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే అది పరీక్షేనా? వీధి చివర ఒక మిత్రుడి షాపులో డెస్క్‌టాప్ డ్రైవ్ ఉండేది. దాంట్లో నీరో సీడీ-డీవీడీ స్పీడ్ అనే సాఫ్ట్‌వేర్ వేసి తప్పుల లెక్క తీసేవాళ్లం. డిస్కు మీద తప్పులు లేకుండా ఉండవు. వాటిని దిద్దుకునే ఏర్పాటు డీవీడీలోనే ఉంది. ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. మొదటి వరుస తప్పులకి హద్దు 280. దిద్దినా మిగిలిపోయే రెండో వరుసకి హద్దు 4. నేను 4 దాకా రానిచ్చేవాణ్ణి కాదు, 2 దాటితే ఆ డబ్బా పక్కన పెట్టేసేవాణ్ణి. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను. డిస్కు 4.7 అన్నా 4.2 దగ్గర ఆపేయాలి. పట్టకపోతే ఇంకో డిస్కు. అప్పగింతలు అంచుకి వెళ్లకూడదు.

ఒకసారి పదకొండు నిమిషాల పని ఉన్నట్టుండి అరగంట దాటింది. డ్రైవ్ పోయిందని, కొత్తది వేసుకోమని అందరూ చెప్పారు. స్టాప్‌వాచ్ అంకెలు నోటుబుక్కులో ఉన్నాయి కాబట్టి నాకు అనుమానం వచ్చింది. నిన్నటి దాకా సరిగ్గా ఉన్నది ఒక్క రాత్రిలో మూడింతలు నెమ్మదిస్తుందా? విండోస్ ఎక్స్‌పీలో ఒక గుణం ఉంది. డ్రైవ్‌తో మాట్లాడేటప్పుడు ఆరుసార్లు తడబాటు వస్తే డీఎంఏ పద్ధతి వదిలేసి పాత పీఐఓ పద్ధతికి దిగిపోతుంది. అప్పుడు డేటా మోసే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. గీతలు పడ్డ ఒక డిస్కు పెట్టి గంటసేపు చదివించడమే దానికి కారణం. డివైస్ మేనేజర్‌లో ఆ ఛానెల్ తీసేసి మళ్లీ స్టార్ట్ చేశాను. పదకొండు నిమిషాలకి వచ్చింది. కొలిచి పెట్టుకోని వాడికి డ్రైవ్ ఖర్చయ్యేది.

ఇప్పుడు చూడండి. పోయినేడు మా బంధువుల ఇంట్లో పెళ్లయింది. వీడియోగ్రాఫరు ఒక లింకు పంపాడు. ఇంటిల్లిపాదీ ఫోన్లలో నాలుగు ఫొటోలు చూసి, బాగున్నాయనేసి, ఆ లింకుని అలాగే వదిలేశారు. ఎవరూ దించుకోలేదు. ఎనిమిది నెలల తర్వాత తెరిస్తే అక్కడ ఏమీ లేదు. ఆ అబ్బాయి ఫోన్ నంబరు మారిపోయింది. ఎవర్ని అడగాలి? పెన్ డ్రైవ్‌లో ఇచ్చినా అంతే. పెట్టె మీద వేగానికి పెద్ద అంకె, దాని ముందు చీమ తలకాయంత అక్షరాల్లో "గరిష్ఠంగా". మొదటి రెండు మూడు గిగాబైట్లు పరుగెత్తి, తర్వాత చతికిలపడుతుంది. మా 8ఎక్స్ కనీసం చివరికైనా ఆ అంకె చేరేది. పైన 128 అని రాసి లోపల పదహారు కూడా లేని నకిలీలూ బజార్లో ఉన్నాయి. నిండా రాసి, తిరిగి చదివి చూస్తే బయటపడుతుంది. ఎవరు చూస్తున్నారు? కాపీ గీత చివరికి చేరిందా, పెన్ డ్రైవ్ లాగేశామా, అంతే. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మాకు లేని వేగం, మాకు లేని చోటు ఇప్పటివాళ్లకి ఉన్నాయి, తిరిగి చదివి చూడటానికి పట్టే నాలుగు నిమిషాలే లేవు.

మనవడికి ఇదంతా చెప్పి ఊరుకోలేదు. 2007 నాటి డిస్కు ఒకటి తీశాను. వాళ్లమ్మ పెళ్లి. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, చార్జరు మీద లేచింది. ట్రే లాగి, కింద చెయ్యి ఆనించి, డిస్కు ఎలా నొక్కాలో చూపించాను. వాడే నొక్కాడు. చదివే వేగం గ్రాఫు పెట్టాం. పచ్చగీత లోపలి నుంచి మెల్లగా పైకి ఎక్కుతుంటే వాడు కళ్లార్పకుండా చూశాడు. 4.1 గిగాబైట్ల దగ్గర గీత ఒక్కసారి కిందికి దిగి మళ్లీ లేచింది.

"అదేంటి తాతయ్యా?"

"అక్కడ ఒకసారి చదవలేక, మళ్లీ చదివింది. పోయినసారి చూసినప్పుడు ఆ పల్లం లేదు."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఈ రాత్రికే ఇంకోచోటికి కాపీ తియ్యాలి. తీశాక ఆ కాపీని వేరే కంప్యూటర్లో మొదట్నుంచి చివరిదాకా చదివించాలి."

పాత నోటుబుక్కు తెచ్చి ఆ డిస్కు వరుస చూపించాను. 2007, 2011, 2016 తేదీలు నా చేతిరాతలో ఉన్నాయి. వాటి కింద ఇవాళ్టి తేదీ వేసి, ఎదురుగా 4.1 అని రాయమన్నాను. వాడు పెన్ను తీసుకుని రాశాడు.