సార్ రాలేదా మేడమ్?

ఈ దేశాన్ని నడిపించేది ప్రభుత్వమని కొందరు అమాయకులు అనుకుంటూ ఉంటారు. కాదు, నడిపించేది సార్. ఏ సార్ అని అడక్కండి. ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రాడు, బ్యాంకులో లోన్ల బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి, స్కూల్లో అడ్మిషన్ల కౌంటరు, అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ, అందరూ ఎదురుచూసేది ఆయన కోసమే. మనం నిలువెత్తున ముందు నిలబడి ఉన్నా వాళ్ళ చూపు మన భుజం మీదుగా వెనక్కి పోతుంది. వెనక ఎవరూ లేరని తేలాక అడుగుతారు, "సార్ రాలేదా మేడమ్?"

మా ఇంటికి సార్ రాడు. ఉండేది నేను, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, మా అమ్మ. స్కూటీ బ్రేకు నొక్కితే కీచుమంటోందని మెకానిక్‌కి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "సార్‌తో ఒకసారి ఫోన్లో మాట్లాడించండి మేడమ్" అన్నాడు. బండి నడిపేది నేను, కీచుమన్నది నా చెవిలో. అయినా ఆ కీచుకి ఒక మగ సాక్షి కావాలి.

ఇల్లు వెతుక్కునేటప్పుడు సార్ విలువ ఇంకా బాగా తెలిసొస్తుంది. హైదరాబాద్‌లో టు లెట్ బోర్డుల మీద 'ఫ్యామిలీకి మాత్రమే' అని ఉంటుంది. ధైర్యంగా గేటు తీశాను. "ఎంతమంది ఉంటారమ్మా?" అన్నారు ఓనరమ్మ గారు. చెప్పాను. "అంటే ఫ్యామిలీ కాదన్నమాట!" అన్నారు. అమ్మమ్మ, అమ్మ, మనవరాలు మూడు తరాలు ఒక కప్పు కింద ఉంటామంటే ఆవిడ లెక్కలో మాది హాస్టల్. మన దేశంలో 4.5 శాతం ఇళ్ళు తల్లి ఒక్కతే నడుపుతున్నవని, అవి దాదాపు 1.3 కోట్లు ఉంటాయని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2019లో చెప్పింది. అన్ని హాస్టళ్ళు ఉన్నాయన్నమాట, పాపం ఐక్యరాజ్యసమితి వాటిని కుటుంబాలనుకుంది.

చివరికి ఓనరు గారే దయతలచి ఒక దారి చూపించారు. అగ్రిమెంటు మీద మా తమ్ముడు సంతకం పెడితే ఇల్లిస్తారట. మా తమ్ముడు అప్పటికి ఇంజనీరింగ్ బ్యాక్‌లాగులు రాసుకుంటూ పెట్రోలుకి నా పర్సు తీసేవాడు. జీతం స్లిప్పు నాది, అడ్వాన్సు నాది, నెలనెలా అద్దె నాది, నమ్మకం మాత్రం వాడి మీద. వాడికి కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "అక్కని జాగ్రత్తగా చూసుకో నాయనా" అని భుజం తట్టి పంపారు. ఆ పూట వాడి ఆటో ఖర్చు కూడా నేనే ఇచ్చాను.

సార్ లేడంటే సరిపోదు, ఎలా లేడో కూడా చెప్పాలి. లేకపోవడంలోనూ హోదాలున్నాయి. అన్నిటికన్నా గౌరవమైనది దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉన్నాడనడం. ఆయన ఏళ్ళ తరబడి ఇటు తొంగిచూడకపోయినా, పైసా పంపకపోయినా ఆవిడ ముత్తైదువే, వాయనం అందుతూనే ఉంటుంది. తర్వాతది పోయాడనడం. దానికి "అయ్యో, చిన్న వయసులో ఎంత కష్టం!" అని జాలి దొరుకుతుంది, పేరంటం పిలుపు మాత్రం దొరకదు. అట్టడుగున మాలాంటి విడిగా ఉంటున్నవాళ్ళం. మమ్మల్ని అడిగినవాళ్ళ మొహంలో కనిపించేది జాలి కాదు, సీరియల్ తర్వాతి భాగం ఏమవుతుందన్న ఆత్రం. "తాగేవాడా? కొట్టేవాడా? ఆ రెండూ లేకపోతే సర్దుకుపోవాల్సిందమ్మా" అంటారు. పై అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ మరింత ముందుకెళ్ళి, "పోనీ, పోయాడని చెప్పెయ్యరాదూ? రేపు పిల్లకి సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది ఉండదు" అని సలహా చెప్పారు. బతికున్న మనిషిని అంత సునాయాసంగా చంపడానికి ఒప్పుకున్న ఆవిడ, విడాకుల మాటెత్తితే మాత్రం 'పాపం, పాపం' అని చెంపలు వేసుకుంటారు.

చట్టం ఈ సార్‌ని ఎప్పుడో కాస్త పక్కకి జరిపింది, కబురు కౌంటరు దాకా రాలేదంతే. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాతే తల్లి. అయితే అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. పక్క తడిపే వయసులో తల్లి, బాండ్లు కొనే వయసులో తండ్రి అన్నమాట. బాండ్ల మాట ఊరికే అనలేదు. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తల్లి సంతకం చెల్లదు, తండ్రిది తెమ్మన్నారు. భర్త ఉన్నాడు, ఆయనకు అభ్యంతరం లేదు, అయినా కుదరదన్నారు. ఆవిడ సుప్రీంకోర్టుకు వెళ్తే, తల్లి సంరక్షకురాలు కావడానికి తండ్రి చనిపోయే దాకా ఆగనక్కర్లేదని 1999లో తీర్పు వచ్చింది. పెళ్ళికాని తల్లి, బిడ్డ తండ్రి ఎవరో బయటపెట్టకుండానే, ఆయనకు నోటీసు ఇవ్వకుండానే గార్డియన్ కావచ్చని 2015లో అదే కోర్టు చెప్పింది. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలని 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ ప్రకటించింది. తల్లి ఒక్కతే పెంచిన బిడ్డకు పాన్ దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018 డిసెంబరు నుంచి ఆదాయపు పన్ను శాఖ కూడా ఒప్పుకుంది.

అందరూ ఒప్పుకున్నారు. మా అమ్మాయి స్కూలు యాప్ ఒప్పుకోలేదు.

అందులో తండ్రి పేరు, తండ్రి ఉద్యోగం, తండ్రి ఫోన్ నంబరు, అన్నిటి పక్కనా ఎర్ర చుక్కలు. ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు నవ్వుకున్నారు. ఇప్పుడు కొడుకూ ఉన్నాడు, కూతురూ ఉంది, మొగుడి స్థానంలో ఒక సోమలింగాన్ని రాస్తే తప్ప వాళ్ళకు ఎల్‌కేజీ సీటు లేదు. నేను నా రెండో సిమ్ నంబరు ఇచ్చాను. పిల్లకి జ్వరం వస్తే క్లాస్ టీచర్ ముందు ఆ నంబరుకే చేస్తారు. నేనే ఎత్తుతాను. "మేడమ్, సార్ నంబరు మీ దగ్గర ఉందేంటి?" అంటారు. జ్వరం ఎంతుందన్నది ఆ తర్వాతి ప్రశ్న.

చచ్చిపోయిన సార్ కూడా తక్కువవాడేం కాదు. బిడ్డ ఇంకా నెలల పసికందుగా ఉండగా భర్తను పోగొట్టుకున్న మన తెలుగావిడ ఒకరు మళ్ళీ పెళ్ళి చేసుకుని, బిడ్డకు కొత్త ఇంటిపేరు పెట్టుకున్నారు. మొదటి భర్త తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. పాత ఇంటిపేరే ఉంచాలి, రికార్డుల్లో కొత్త భర్తను సవతి తండ్రి అని రాయాలి అంది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. అలా రాయించడం పిల్లవాడి మనసు మీద ఎంత క్రూరంగా పనిచేస్తుందో ఆలోచించారా అని 2022 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బిడ్డ ఇంటిపేరు తల్లి నిర్ణయించుకోవడానికి దేశంలో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళాల్సి వచ్చింది. బారసాలకు వకీలుని కూడా పిలవడం మంచిది.

"ఏం చేస్తామమ్మా, మన సంప్రదాయం అది" అంటారు. ఎంత పాత సంప్రదాయం కావాలి? దాదాపు 1,900 ఏళ్ళ కిందటి శాతవాహనులు చాలా? గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులోమావి. వాళ్ళ తర్వాత నాగార్జునకొండ ఇక్ష్వాకుల్లో మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. శాసనాల్లో రాజు పేరుకు ముందు చెక్కించుకున్నది అమ్మ పేరు. (సింహాసనం మాత్రం తండ్రి నుంచి కొడుక్కే వెళ్ళింది, ఆస్తి దగ్గర అప్పుడూ జాగ్రత్తగానే ఉన్నారు.) 2017 సంక్రాంతికి బాలకృష్ణ నూరో సినిమాగా గౌతమీపుత్ర శాతకర్ణి కథే వస్తే హాలు దద్దరిల్లేలా ఈలలు వేశాం. పండగ సెలవులు అయిపోయాక అదే గౌతమీపుత్రుడు మన స్కూలు కౌంటరు దగ్గరికొస్తే, "గౌతమి గారు సరే, సార్ పేరేంటి బాబూ?" అని అడిగేవాళ్ళం.

తెర మీద ఒంటరి తల్లి అంటే అసలు మనకు ఎంత ప్రేమో! 1963లో 'లవకుశ' వస్తే బళ్ళు కట్టుకుని వెళ్ళి మరీ ఏడ్చిన జనం మనం. వాల్మీకి ఆశ్రమంలో చోటిచ్చేటప్పుడు ఏ బంధువు సంతకమూ అడగలేదు. పిల్లలిద్దరూ విలువిద్య, సంగీతం అన్నీ నేర్చుకున్నారు, అప్లికేషన్‌లో ఎర్ర చుక్కలు లేకుండానే. చివరికి సార్ వచ్చారు. పిల్లల్ని చూసి మురిశారు, తల్లిని మాత్రం మళ్ళీ రుజువు అడిగారు. ఆవిడ ఇంక ఏ కౌంటరుకీ రాలేదు.

ఆఫీసు సంగతి ఎక్కువ చెప్పను. మార్చి 8న 'సూపర్ మామ్' అని కిరీటం పెట్టి ఫొటో తీస్తారు, మార్చి 9న సాయంత్రం ఆరున్నరకి మీటింగు పెట్టి, లేచి వెళ్తే 'కమిట్‌మెంట్ తగ్గింది' అంటారు. యాభై మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని ఉంచే క్రెష్ ఉండాలని 2017లో చట్టం సవరించారు. మా దగ్గర ఆ గదిలో క్యారమ్స్ బోర్డు ఉంది.

సర్కారు వారి లెక్క మరీ తమాషా. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి డబ్బు తల్లి ఖాతాలో వేశారు. ప్రభుత్వం మారి 2025లో అది తల్లికి వందనం అయింది, ఖాతా మాత్రం తల్లిదే. నాన్న చేతిలో పడితే ఆ డబ్బు ఏ దారి పడుతుందో రెండు పార్టీలకూ తెలుసన్నమాట. డబ్బు దగ్గర అమ్మని నమ్ముతారు, సంతకం దగ్గర నాన్నని నమ్ముతారు. ఇటు తెలంగాణలో 2017 జూన్‌లో ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పెన్షన్ మొదలుపెట్టారు, తర్వాత 2,016 చేశారు. మంచి పనే. అక్కడికి వెళ్తే ప్రశ్న తిరగబడుతుంది, సార్ లేడని తేల్చుకుని రావాలి. మా ఇంట్లో పనిచేసే ఆమె అన్న మాట ఇది: "ఉన్నడంటే పింఛను పోతది, లేడంటే కిరాయి గది పోతది. నన్నేం చెప్పమంటవమ్మా?"

ఇన్ని చోట్ల గమనించాక నాకు తెలిసిందేమిటంటే, వీళ్ళెవరికీ మనిషి అక్కర్లేదు. ఆయన ఫీజు కట్టాడా, రాత్రి రెండింటికి పిల్లకి మందు వేశాడా, పేరెంట్స్ మీటింగులో ఇరుకు బెంచీ మీద కూర్చుని 'మ్యాథ్స్‌లో వీక్' అన్న మాట విన్నాడా అని ఏ ఫారమూ అడగదు. పేరుంటే చాలు. ఆయన రాకపోయినా ఆయన పేరు అన్నిచోట్లకీ వెళ్ళొస్తుంది.

మనిషి కచ్చితంగా రావలసిన చోటు ఒకటుంది, కోర్టు. పిల్ల చదువుకి మనోవర్తి ఇప్పించమని పిటిషన్ వేశాను. సమన్లు 'ఇంటికి తాళం' అన్న రాతతో వెనక్కొచ్చాయి. ఫేస్‌బుక్‌లో ఆయన ఆ వారమే అరకు కాఫీ తోటల్లో నవ్వుతూ కనిపించాడు. జడ్జి గారు వాయిదా వేశారు, కొత్త చిరునామా కనుక్కుని దాఖలు చెయ్యాల్సింది పిటిషనరేనని చెప్పారు. గడప దాటి బయటికొచ్చి పిటిషన్ కాపీ తిరగేస్తే, మొదటి పేజీలో నా పేరు, దాన్ని ఆనుకునే వైఫ్ ఆఫ్ అని ఆయన పేరు. ఆయన మీద వేసిన కేసులో నన్ను నిలబెట్టింది కూడా ఆయన పేరే. అది తీసేసి మళ్ళీ రాయమని వకీలు గారిని అడిగాను.

"తండ్రి పేరో భర్త పేరో లేకపోతే రిటర్న్ కొడతారమ్మా" అన్నారాయన, నా ఫైలు కట్టేస్తూ.