మా గజం రేటు పెంచిన మాట

ఎల్బీ నగర్‌లో 30 ఏళ్ళుగా కాపురం ఉంటున్నాను. ఇన్నేళ్ళలో మమ్మల్ని ఎలైట్ అన్న మనిషి ఒక్కడు లేడు. జూబ్లీహిల్స్ చుట్టాన్ని భోజనానికి రమ్మంటే, రాత్రికి అక్కడే పడుకోవాలేమోనని భయపడతాడు. సంబంధాల వాళ్ళయితే ఇల్లెక్కడని అడిగి, చెప్పగానే "ఓహో, విజయవాడ రోడ్డా!" అని మాట మార్చేస్తారు. అలాంటి మాకు 2023 ఏప్రిల్‌లో సాక్షాత్తూ భారత ప్రభుత్వమే, అదీ సుప్రీంకోర్టుకు రాసిచ్చి మరీ, ఆ హోదా కట్టబెట్టింది.

మగా మగా, ఆడా ఆడా పెళ్లి చేసుకుంటామనడం పట్నపు ఎలైట్ల ఆలోచన అట. దానికి ప్రభుత్వం దగ్గర లెక్కలేమీ లేవని అప్పటి చీఫ్ జస్టిస్ చంద్రచూడ్ అన్నారు. లెక్కలు లేకపోవడమేమిటి, మా దగ్గరున్నాయి! మా దగ్గర్లోని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్ మూడో అంతస్తులో, ఆరుగురు పడుకునే గదిలో, కిటికీ లేని వైపు మంచం మీద దొరికాయి నాకు.

ఆ మంచం మా ఊరి కుర్రాడిది. నన్ను చిన్నాయనా అంటాడు. రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకై రద్దయితే, మళ్ళీ ఆ జూన్ 11 పరీక్షకి మొదటి పేజీ నుంచి చదువుకొస్తున్న ఎలైట్. పప్పు ఏదో చారు ఏదో తేడా తెలియని మెస్సులో తింటాడు. వాడి సంగతి నాకు అప్పటికే ఏడాదిగా తెలుసు. ఆ రోజుల్లోనే ఫోన్ తీసి, మగవాళ్ళు మగవాళ్ళని వెతుక్కునే డేటింగ్ యాప్ చూపించాడు. తెర నిండా చదరాలు. ఒక్కో చదరంలో ఒక మనిషి, ఎంత దూరంలో ఉన్నాడో మీటర్లలో. మొహాలు తక్కువ. ఒకడు ఛాతీ పెట్టాడు, ఒకడు బండి హ్యాండిలు, ఒకడు ఎర్ర గులాబీ. అందరికంటే దగ్గరివాడు 40 మీటర్లు. అంటే ఎదుటి సందు. పేరుండాల్సిన చోట చాలామంది రెండే ముక్కలు రాసుకున్నారు: "నో ప్లేస్".

ఇలాంటివాళ్ళు ఎలైట్లలోనే ఉంటారని ప్రభుత్వం అంది. మా దిల్‌సుఖ్‌నగర్‌లో 40 మీటర్లకొకడున్నాడు. కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ ఎలైట్. ఈ లెక్కలో తప్పేదైనా ఉంటే ప్రభుత్వం తరఫున వాదించిన సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా గారే చెప్పాలి.

ఈ మాట మా కాలనీ ప్లాట్ల బ్రోకర్ చెవిన వేయడం నా పొరపాటు. "సార్, గిట్లయితే మన దగ్గర గజానికి ఇరవై వేలు పెంచొచ్చు గదా!" అని సాయంత్రానికల్లా కరపత్రం కొట్టించాడు. సాయిబాబా గుడికి 5 నిమిషాలు, మెట్రోకి 3 నిమిషాలు, ఎలైట్‌కి 40 మీటర్లు. హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్ అని ఉండాల్సిన చోట సొలిసిటర్ జనరల్ అప్రూవ్డ్. నో ప్లేస్ సంగతి చెబితే ఎగిరి గంతేశాడు. "ప్లేస్ లేదంటున్నరా? మన దగ్గర ఎన్ని ఓపెన్ ప్లాట్లు లేవు!" వాళ్ళడుగుతున్నది రెండొందల గజాలు కాదయ్యా, ఓ గంట మాట్లాడుకోడానికి లోపల గడియ ఉన్న గది అంటే, అంత చిన్న బిట్టు అమ్మడం కుదరదన్నాడు.

ఈ పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టులో కేసు వేసిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మన హైదరాబాద్ వాళ్ళేననీ, డేటింగ్ యాప్‌లోనే కలిశారనీ, 2021 డిసెంబర్‌లో వికారాబాద్ వైపు అయినవాళ్ళ మధ్య ఒక్కటయ్యారనీ చెప్పాను. ఆయన తల పంకించాడు. "అందుకే ఆ దిక్కు ఫామ్‌ల్యాండ్ రేట్లు గట్ల లేసినయ్!"

అంతా బాగానే ఉంది గానీ, బ్రోకర్‌కు ఒక్క బెంగ పట్టుకుంది. ఎలైట్లు పండక్కీ పబ్బానికీ బస్సెక్కి ఊళ్ళకి పోతారు కదా. ఊళ్ళూ ఎలైటైపోతే మన రేటేం గావాలె? కంగారు పడకు, పల్లెల్లో వీళ్ళుండరని ప్రభుత్వమే అంటోంది, అంటే దారిలో ఎక్కడో ఆవిరైపోతూ ఉండాలన్నాను. ఎక్కడ? హయత్‌నగరా? పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ దాటగానేనా? పంతంగి టోల్‌గేట్ దగ్గరా? సరిహద్దు తేలితే అక్కడిదాకా వెంచర్ వేస్తానన్నాడు.

శుక్రవారం రాత్రి తేలింది. కుర్రాడిని బస్సెక్కించడానికి ఎల్బీ నగర్ రింగ్ రోడ్డుకెళ్ళాను. సూర్యాపేట బస్సు కనబడగానే వాడు ఫోన్ తీసి, ఆ యాప్ మీద వేలు నొక్కి పట్టి, తీసేశాడు. ఊరెళ్ళిన ప్రతిసారీ ఇక్కడే తీసేస్తాడట. ఇంటికి పోగానే చెల్లెలు ఫోన్ లాక్కుంటుంది. సోమవారం ఇక్కడే దిగి మళ్ళీ వేసుకుంటాడు. బ్రోకర్ కోరిన హద్దురాయి ఇదిగో, ఎల్బీ నగర్ బస్టాపు.

ఈసారి ఎందుకు పోతున్నావురా అనడిగాను. పిల్లని చూడ్డానికి అన్నాడు.

అప్పుడు చెప్పాడు ఇంకో సంగతి. సంక్రాంతి తరవాత ఒకడు యాప్‌లో "ప్లేస్ ఉంది" అని పిలిస్తే వెళ్ళాడు. గదిలో నలుగురున్నారు. కొట్టి, వీడియో తీసి, వీడి ఫోన్‌లోంచే కోచింగ్ ఫీజు డబ్బంతా లాగేసుకున్నారు. మగా మగా కలవడం నేరమన్న 377 సెక్షన్ కోరలు సుప్రీంకోర్టు పీకింది 2018 సెప్టెంబర్ 6న. మా ఎల్బీ నగర్‌కి మెట్రో వచ్చింది అదే నెల 24న. మెట్రో రోజూ వస్తోంది. తీర్పు మాత్రం మలక్‌పేటలోనే దిగిపోయినట్టుంది. వీడు పోలీస్ స్టేషన్ మెట్లెక్కలేదు. ఎక్కితే ఊళ్ళో నాన్నకి ఫోన్ పోతుందని భయం.

ఎలైట్ అంటే ఎవరో మాకు తెలుసు మెహతా గారూ. తప్పు చేసినా పోలీస్ స్టేషన్‌కి పోనక్కర్లేనివాడు. వీడు తన్నులు తిని కూడా పోలేనివాడు. పల్లెల మాట కూడా వినాలని రాశారు కదా, మరి వినండి. సంచీలో ఉతకని బట్టలేసుకుని మీ ముందు నిలబడింది పల్లే. భర్త, భార్య, పిల్లలు, ఇదే భారతీయ కుటుంబమని 2023 మార్చిలో అఫిడవిట్ వేశారు. ఆ కుటుంబం ఎలా తయారవుతోందో రింగ్ రోడ్డుకొచ్చి చూడండి. ఒక పిల్లవాణ్ణి భయపెట్టి, ఒక పిల్లకి చెప్పకుండా. రేపు పళ్ళెంలో కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చే ఆ అమ్మాయి ఏం ఎలైటని, ఆమె బతుకు కూడా తాకట్టు పెడుతున్నారు?

బస్సు పదకొండుంపావుకి కదిలింది. మా ఎలైట్‌కి సీటు దొరకలేదు. ఫుట్‌బోర్డు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడే వెళ్ళాడు.