గజ్జెల ఊళ్లో ఒక జీపు

పామర్రు వైపు నుంచి వచ్చి కూచిపూడిలో మలుపు తిరిగేటప్పుడు, డ్రైవరు క్లచ్ వదిలిన ప్రతిసారీ ఈ జీపు కడుపులో ‘టక్’మనేది. ఒక్కసారే. మళ్లీ గేరు మార్చేదాకా వినపడదు. డీజిలు ఇంజను హోరులో ఆ చప్పుడు డ్రైవరు చెవిన పడటానికి చాన్నాళ్లు పట్టింది.

తన కథ తనే చెప్పుకుంటున్నా ‘నేను’ అనడం ఈ జీపుకు రాదు. ముప్పై ఏళ్లకు పైగా ఊరంతా దాన్ని ‘ఆ జీపు’ అనే పిలిచింది. దానికీ ఆ పిలుపే ఒంటబట్టింది.

మహీంద్రా ఎమ్ఎమ్ 540 అది. దాని వంశం రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపుల దాకా పోతుంది. విల్లీస్ జీపుల్ని మహీంద్రా వారు 1940ల చివర్లో ముంబయిలో బిగించడం మొదలుపెట్టారు. 540కి వచ్చేసరికి లోపల కూర్చున్నది ప్యూజో వారి డీజిలు ఇంజను, 2112 సీసీ. రెండు ఇరుసులకీ కమాను కట్టలే. సీటు పక్కనున్న పొట్టి లివరు లాగితే ముందు చక్రాలు కూడా తోడవుతాయి. ఓ మినుము రైతు కొన్న ఆ బండి యూరియా బస్తాలు మోసింది, పొలం గట్లెక్కింది. తిరునాళ్లకు వెళ్లే నాట్య బృందాల ట్రంకుపెట్టెలనూ వెనక వేసుకుని పోయింది. 1990 మే 9న కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో తుపాను తీరం దాటింది. ఆ తర్వాత దివిసీమ దారుల్లో బియ్యం బస్తాలతో తిరిగినప్పుడు అంటిన ఉప్పునీరు దాని బోల్టుల్లో ఇంకిపోయింది. ఆ తుప్పు సంగతి తర్వాత.

డెల్టా నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు రెండేళ్లకే అలలు తిరుగుతుంది. కాలువ గట్టెక్కేటప్పుడు ఎడమ ముందు చక్రం పైకి లేస్తే, కుడి వెనకది గుంటలోకి దిగుతుంది. నిచ్చెనలాంటి ఛాసీ ఆ మేరకు మెలిపడుతుంది. అలా మెలిపడటం దాని స్వభావమే, అది తప్పు కాదు. ఆ మెలికను పైనున్న రేకు బాడీకి ఎక్కనివ్వకుండా మింగేవి మధ్యలో ఉండే రబ్బరు దిమ్మలు. అరచేతిలో పట్టేంత దిమ్మల మీదే బాడీ బరువంతా ఉంటుంది. వాటిని చూసేవాళ్లు మాత్రం అరుదు.

ఇంజనుకూ ఇలాంటి రబ్బర్లే: ముందు రెండు, వెనక గేరు బాక్సు కింద ఆధారం ఒకటి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే సెకనుకు సుమారు 27 పేలుళ్లు. బండి కదలకుండా నిలబడినా ఆ దెబ్బలన్నీ రబ్బర్ల మీదే. మొదటి గేరు వేసి, లో లివరు కూడా లాగితే చక్రాలకు అందే బలం సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది. చక్రాన్ని ఎంత బలంగా తిప్పితే ఇంజనూ గేరు బాక్సూ అంత బలంగా వెనక్కి తన్నుతాయి. ఆ తన్ను ఓర్చుకునేవీ ఈ మౌంటింగులే. అందుకే గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ గేరు వేసి మలుపులు తిప్పకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు నడిచే దూరాలు వేరు. బురదలో ఆ తేడా జారిపోతుంది. తారు మీద పోయే దారి లేక షాఫ్టుల్లో, మౌంటింగుల్లో మెలిపడి ఉంటుంది.

టక్ తర్వాత మరికొన్ని లక్షణాలు బయటపడ్డాయి. గేరు లివరు మూడో గేరులో వణికేది. బయలుదేరేటప్పుడు బండి మొత్తం కుదిపేది. తలుపు మూయాలంటే కాస్త ఎత్తి తోయాల్సివచ్చేది. యజమాని క్లచ్ ప్లేటు మార్పించాడు. చప్పుడు పోలేదు. షాఫ్టు క్రాసులు మార్పించాడు. అప్పుడూ పోలేదు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక ఒక మెకానిక్ బండిని చూసి పానా కూడా పట్టలేదు. “బాబాయి గారూ, బానెట్ ఎత్తండి. చక్రాలకు దిమ్మలు పెట్టాం. హ్యాండు బ్రేకూ, కాలి బ్రేకూ రెండూ గట్టిగా పట్టి, మొదటి గేరులో క్లచ్ కొద్దిగా వదలండి. కొద్దిగానండీ,” అన్నాడు. ముందూ వెనకా ఎవరూ నిలబడకుండా కుర్రాడు అందరినీ పక్కకు పంపేశాడు. క్లచ్ అందుకోగానే ఇంజను ఓ పక్క లేచింది. రివర్సు వేస్తే రెండో పక్క లేచి టక్‌మని కూర్చుంది. చాన్నాళ్లుగా ఈ జీపు చెబుతున్నది ఆ మాటే.

ఇంజను ఆపేశాక అతను కిందికి దూరాడు. బ్రాకెట్టుకూ ఛాసీకీ మధ్య ఇనుప కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తి చూశాడు. ఒకవైపు రబ్బరు తన ఇనుప పలకను వదిలేసింది. డీజిలు కారి కారి అది ఉబ్బి మెత్తబడింది. బాడీ బోల్టుల దగ్గర ఎర్రటి పొడి రాలి ఉంది. బిగుతుగా ఉన్న బోల్టు చుట్టూ అలాంటి పొడి ఉండదు. ఇనుమును ఇనుము రాసుకుంటేనే అది పుడుతుంది. రెండు దిమ్మల చోట ఎవరో పాత లారీ టైరు ముక్కలు కోసి పెట్టారు. టైరులో నైలాను పోగులుంటాయి. అది బరువు మోస్తుంది గానీ దెబ్బను మింగదు. పైగా, లోపలుండాల్సిన ఇనుప గొట్టం లేదు. ఆ గొట్టమే హద్దు. అది లేకుండా బిగిస్తే రబ్బరు చితికిపోయేదాకా నట్టు తిరుగుతూనే ఉంటుంది. గట్టిగా బిగిస్తే చాలనుకుంటారు చాలామంది. అలా చితికిన రబ్బరూ చెరుపే చేస్తుంది.

ఉప్పు తిన్న బోల్టులు తుప్పు నూనె పోసి రాత్రంతా నానబెట్టినా రెండు విరిగాయి. ఇంజనును నేరుగా ఆయిలు చాంబరు కింద జాకీ పెట్టి ఎత్తకుండా మధ్యలో చెక్క పలక వేశారు. కొత్త రబ్బర్లు, గొట్టాలు పెట్టి, అన్ని బోల్టులూ ముందు వేలితో ఎక్కించారు. ఇంజనును కాసేపు నడిపి సర్దుకోనిచ్చాకే పానాతో బిగించారు. ఒక్కటి ముందే బిగిస్తే మిగతావి వంకరగా కూర్చుంటాయి. ఆఖరున ప్రతి నట్టు మీదుగా ఛాసీ దాకా తెల్ల పెయింటుతో ఒక్కొక్క గీత గీశాడు మెకానిక్. “గీత విరిగితే నట్టు కదిలినట్టు. కొత్త రబ్బరు కొంచెం దిగుతుంది, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఓసారి చూసుకోండి.”

తిరుగు ప్రయాణంలో కూచిపూడి మలుపు దగ్గర క్లచ్ వదిలినా ఏ చప్పుడూ లేదు. సాయంత్రం నాట్యం నేర్పే కళాక్షేత్రం వైపు నుంచి పిల్లల గజ్జెలు, నట్టువాంగం తాళాల మోత వినిపిస్తున్నాయి. పళ్లెం అంచు మీద నిలబడి తరంగం ఆడేవారి పాదం ఒక్క దెబ్బ తప్పితే ఆ ఊళ్లో అరుగు మీద కూర్చున్న ముసలమ్మకూ తెలిసిపోతుంది. అలాంటి ఊళ్లో ఈ జీపు టక్‌టక్‌మంటూ అన్నాళ్లు తిరిగింది.

మినుము కోతలయ్యాక డ్రైవరు గోనె సంచి పరిచి బండి కిందికి దూరాడు. టార్చి వేసి ఒక్కొక్క గీతే చూసుకుంటూ వెనక్కి పోయాడు. అన్నీ నిలువుగానే ఉన్నాయి, ఎడమ వెనక దిమ్మది తప్ప. అక్కడ నట్టు మీది గీత వెంట్రుక వాసి పక్కకు జరిగింది. డ్రైవరు చెయ్యి బయటికి చాచి పానా అడిగాడు.