ఈ వారం ఎవరూ లేవలేదు

ఎప్పటికైనా తిరిగి లేపుతారన్న ఆశతో చనిపోయినవాళ్ళను గడ్డకట్టించి దాచే ఆల్కార్ సంస్థకు కొత్త నాయకుడొచ్చాడట. సిబ్బంది ఏం చేస్తున్నారో ఇక వారం వారం సభ్యులకు తెలియజేస్తారట. బాగుంది. ద్రవ నైట్రోజన్ పీపాల్లో తలకిందులుగా ఉన్నవాళ్ళకు ఈ కబురు ఎవరు చేరవేశారో తెలియదు గానీ, బయట నిలబడి చందాలు కడుతున్నవాళ్ళు మాత్రం తెగ సంబరపడుతున్నారు. పారదర్శకత అంటున్నారు. జవాబుదారీతనం అంటున్నారు. మా అబ్బాయి ఆ సంగతి వాట్సాప్‌లో పంపి, కింద ‘నాన్నా, చూడు, ఎంత ప్రొఫెషనల్‌గా ఉన్నారో’ అని రాశాడు. వాడుండేది అరిజోనాలో, చాండ్లర్‌లో. ఆల్కార్ వాళ్ళ భవనమున్న స్కాట్స్‌డేల్ వాడికి పక్క ఊరి కిందే లెక్క. శుక్రవారం సాయంత్రం మేనేజరుకు స్టేటస్ రిపోర్టు పంపితే తప్ప వాడికి అన్నం సయించదు. మన పిల్లల్లో సగంమంది జాతకం అదే కాబట్టి మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

నాకు ఒళ్ళు మండింది. శవాల మీద కాదు, వారం మీద.

నేను ముప్ఫై ఏళ్ళు చాకిరీ చేసిన ఆఫీసు పేరు చెప్పను. అక్కడ రికార్డు రూము చూసుకునే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. చెదలు పట్టకుండా, ఎలుకలు కొట్టకుండా, వాన నీళ్ళు దిగకుండా కాగితాలను కాపాడటం ఆయన పని. ఏళ్ళ తరబడి ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. కావలసిన ఫైలు మాత్రం ఐదు నిమిషాల్లో బల్ల మీద ఉండేది. ఒక కొత్త బాసు దిగాడు. దిగిన మర్నాడు తన గది కర్టెన్లు మార్పించాడు. ఆ మర్నాడు, అందరూ శనివారం సాయంత్రానికల్లా వారపు నివేదిక ఇవ్వాలని సర్క్యులర్ వేశాడు. మా పెద్దాయన నిజాయితీగా ఒకే ఒక్క వాక్యం రాశాడు: ‘ఫైళ్ళు ఎక్కడివి అక్కడే ఉన్నవి.’ పురోగతి ఏదయ్యా అని బాసు పిలిచి చివాట్లు పెట్టాడు. రెండో వారమూ అదే వాక్యం. మెమో వచ్చింది.

మూడో వారానికి ఆయనకు జ్ఞానోదయమైంది. తూర్పు గోడ బీరువాల్లోని ఫైళ్ళను పడమటి గోడకు మార్చడం మొదలుపెట్టి, ‘రికార్డుల పునర్వ్యవస్థీకరణ: 40 శాతం పూర్తి’ అని రాశాడు. తర్వాతి వారం 60. ఆపై వారం 85. బాసు మురిసిపోయి ప్రశంసాపత్రం ఇచ్చాడు. ఆ ఏడాది చివర నా సర్వీసు రిజిస్టరు కనిపించకుండా పోయింది. నా ఇంక్రిమెంటు పద్నాలుగు నెలలు ఆగింది.

అందుకని, దాచిపెట్టడమే పనిగా ఉన్న చోట వారపు పురోగతి అనే మాట వినబడితే నాకు వెన్నులో చలి పుడుతుంది. దాచే పనికి ఉండే శుభవార్త ఒక్కటే: ఏమీ జరగలేదు. పైగా ఇక్కడ దాచేది సున్నాకు దిగువ 196 డిగ్రీల చలిలో. ఏమీ జరగకుండా ఉండటం కోసమే అంత చలి. ఆ పీపాకు కరెంటు కూడా అక్కర్లేదు, మనింట్లో కాఫీ ఫ్లాస్కుకు పెద్దన్న. నైట్రోజన్ కొద్దికొద్దిగా ఆవిరవుతుంటుంది, తగ్గినంత నింపుతుండాలి. అంతే. ఆవకాయ జాడీకి ఉన్న సందడి కూడా లేదు, జాడీని మూడో రోజైనా మూత తీసి తిరగ కలుపుతాం. ఇలాంటి చోటికి సోమవారం మీటింగు, శుక్రవారం నివేదిక తెచ్చిపెడితే పనివాడు ఏం చేస్తాడు? రాయడానికి ఏదో ఒకటి జరిపిస్తాడు. మా పెద్దాయన ఫైళ్ళు జరిపాడు. వీళ్ళేం జరుపుతారో ఆలోచించడం నాకిష్టం లేదు.

లెక్క వేసి చూడండి. జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే సైకాలజీ ప్రొఫెసరును 1967 జనవరి 12న గడ్డకట్టించారు. ఈ బండికి మొదటి టిక్కెట్టు ఆయనదే. ఇప్పటికీ ఆల్కార్‌లోనే ఉన్నాడు. మూడు వేల వారాలు దాటాయి. మూడు వేల శుక్రవారాలు, మూడు వేల నివేదికలు, ప్రతి దానిలోనూ ‘బెడ్‌ఫర్డ్ గారు యథాతథం’. ఆ కట్టలు భద్రంగా దాచడానికి మళ్ళీ మా రికార్డు రూము పెద్దాయనే కావాలి.

నన్ను ఆ ఉద్యోగంలో పెడితే ఎలా రాస్తానో చెబుతాను. ‘ఈ వారం చేసినది: నైట్రోజన్ నింపాము. ఫలితం: ఎవరూ లేవలేదు. వచ్చే వారం లక్ష్యం: నైట్రోజన్ నింపుట. ఆటంకములు: మృత్యువు. ఈ విషయం ఎవరి దృష్టికి తీసుకెళ్ళారు: పైవాడి దృష్టికి.’ మేనేజర్లు కోరే గళ్ళన్నీ నిండాయి, కావాలంటే చూసుకోండి.

ఒక్క గడి మిగిలింది. పని పూర్తయ్యే తేదీ. మా అబ్బాయి కంపెనీలో ఆ గడి ఖాళీగా ఉంటే రిపోర్టు ముందుకు కదలదట. చనిపోయినవాళ్ళను లేపే పనికి ఆ గడిలో ఏం రాస్తార్రా అని ఫోన్లో అడిగాను.

‘‘టీబీడీ అని పెడతాం నాన్నా.’’

‘‘అంటే?’’

‘‘తర్వాత చెబుతామని.’’

‘‘తర్వాతంటే ఎప్పుడు?’’

వాడు నవ్వి, ఫోను అమ్మకిమ్మన్నాడు.

నాకు అర్థంకానిది ఇదే. ఎప్పుడో ఎన్ని వందల ఏళ్ళకో ఎవరో వచ్చి లేపుతారని నమ్మి పడుకోవడానికి సిద్ధపడ్డ మనిషి వచ్చే శుక్రవారం దాకా ఆగలేడా? అంత ఓపికా, ఇంత తొందరా ఒకే బుర్రలో ఎలా పడతాయి? ఆ పీపాలో ఉన్నవాడికి సోమవారం లేదు, ఆదివారం లేదు. వారమన్నది జీతం తీసుకునేవాడిది, చందా కట్టేవాడిది. ‘మా సిబ్బంది ఈ వారం చేసిన కార్యక్రమాలు’ అంటున్నారే గానీ, ఆ సిబ్బంది ఎవరి కోసం ఉన్నారో వాళ్ళు ఈ వారమూ ఏ కార్యక్రమమూ చేయలేదు. నివేదిక చదివేవాడి ఊరట కోసమే నివేదిక. చందా కట్టాక ఒక రసీదు, రసీదు తర్వాత కాస్త కబుర్లు. మన స్కూళ్ళు ఫీజు కట్టించుకుని పిల్లాడు ఆడుకుంటున్న ఫొటో పంపినట్టు. కాకపోతే ఇక్కడ పిల్లాడు ఆడడు.

మిగతా వింతలకు నా దగ్గర ఓపిక తక్కువ. ఆల్కార్‌లో మొత్తం మనిషికైతే రెండు లక్షల డాలర్ల పైమాట, తల ఒక్కటే చాలనుకుంటే ఎనభై వేలు. మిషిగన్‌లోని క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో మొత్తం మనిషికి ఇరవై ఎనిమిది వేలే, పండగ తగ్గింపులా ఉంది. డబ్బు ఎక్కువమంది కట్టేది జీవిత బీమా ద్వారా. చచ్చాడని బీమా కంపెనీ డబ్బిస్తుంది, అందుకున్నవాళ్ళేమో చావలేదంటారు. ఇక సీనియారిటీ సంగతి. కొత్తగా చేరినవాళ్ళను మెరుగైన పద్ధతిలో గడ్డకట్టిస్తారు కాబట్టి లేపేటప్పుడు వాళ్ళనే ముందు లేపుతారట. అంటే అందరికంటే ముందొచ్చిన బెడ్‌ఫర్డ్ అందరికంటే చివర. ప్రమోషను జాబితాలో మా ఆఫీసు పద్ధతి అక్కడిదాకా ఎలా పాకిందో!

తలకిందులుగా ఎందుకు పెడతారో తెలుసా? నైట్రోజన్ తగ్గిపోతూ వస్తే ముందు కాళ్ళు కరగాలి, తల అన్నింటికంటే ఆఖరున. జాగ్రత్త మెచ్చుకోవలసిందే. కానీ ఆ భంగిమ తెలుగువాడికి కొత్తదా? బొందితో స్వర్గానికి వెళ్తానన్న త్రిశంకుడిని వశిష్ఠుడు పొమ్మన్నాడు, విశ్వామిత్రుడు పంతం కొద్దీ పైకి పంపాడు, ఇంద్రుడు కిందికి తోశాడు. పాపం ఆ రాజు తలకిందులుగా మధ్యలోనే ఆగిపోయాడు. విశ్వామిత్రుడిలో ఒక్క సుగుణముంది. ‘ఈ వారం త్రిశంకుడి పురోగతి’ అని ఎవరికీ రాయలేదు.

పిండాలను గడ్డకట్టించి తిరిగి బతికించడం లేదా అంటారు. పిండమంటే గసగసంత కూడా లేని కణాల ముద్ద. కుందేలు కిడ్నీని అలా చల్లబరిచి, తిరిగి వెచ్చబరిచి, కుందేలుకే పెడితే పనిచేసిందంటారు. చేసింది, కాదనను. కిడ్నీ తన చిన్ననాటి స్నేహితుడి పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు కదా.

నింపడం తప్ప పని లేదన్నాను. నింపకపోతే ఏమవుతుందో ఈ రంగానికి తెలియని సంగతి కాదు. బెడ్‌ఫర్డ్‌ను గడ్డకట్టించిన బృందాన్ని నడిపింది రాబర్ట్ నెల్సన్ అనే టీవీ మెకానిక్కు. లాస్ ఏంజెలెస్‌లో చాట్స్‌వర్త్ అనేచోట, శ్మశానంలో నేలమాళిగ కట్టించి మరికొందరిని అతను దాచాడు. బంధువుల నుంచి డబ్బు రావడం ఆగింది. నైట్రోజన్ పోయడం ఆగింది. తొమ్మిది శరీరాలు కరిగి కుళ్ళిపోయాయి. వాటిలో ఒక చిన్నపిల్లది కూడా ఉంది. 1979లో సంగతి బయటికొచ్చింది, బంధువులు కోర్టుకెక్కారు.

ఏ వారం నైట్రోజన్ అయిపోయింది? ఏ వారం పోయడం మానేశారు? ఆ వారం ఎవరైనా నివేదిక రాశారా? రాయవలసిన వారం అది. ఏమీ లేని వారాలన్నీ చక్కగా రాస్తారు. ఫలానా సమావేశానికి వెళ్ళొచ్చామని, ఇంతమంది కొత్తగా చేరారని, హాల్లో రంగులు వేయించామని. పీపా అడుగంటిన వారం కలం కదలదు. నేను ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో చూసింది అదే, మీరు మీ మునిసిపాలిటీలో చూసేదీ అదే. ఏడాది పొడుగునా పురోగతి నివేదికలు వచ్చిన వంతెనే వర్షాకాలంలో కూలుతుంది.

పీపాల్లో ఉన్నవాళ్ళను పేషెంట్లని పిలవడం ఒకటి. డాక్టరు వచ్చి చనిపోయాడని చట్టప్రకారం చెప్పేదాకా వీళ్ళు ఒంటిమీద చెయ్యి వేయడానికి లేదు. చెప్పగానే పేషెంటు అయిపోతాడు! కేన్సరుతో మంచం పట్టినవాడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ మాట వింటే ఏమవుతారు? పేషెంటంటే నయమవుతాడనే కదా మనసు అనుకునేది. లేపే విద్య ఈ రోజు ఎవరి దగ్గరా లేదని, హామీ ఏమీ ఇవ్వడం లేదని ఒప్పందంలో వీళ్ళే రాసుకుంటారు. గడ్డకట్టేటప్పుడు అవయవాలు పగుళ్ళిస్తాయనీ ఒప్పుకుంటారు. అది నిజాయితీయే. అయితే ఆ మాట ఒక్కటే వారం వారం పంపండి. ‘ఈ వారం కూడా లేపే విద్య దొరకలేదు.’ పంపగలరా? నాలుగు వారాలు పంపితే కొత్త చందా ఒక్కటి రాదు, నాయకుడు మళ్ళీ మారతాడు.

నాయకులు మారడం గురించి రష్యా వాళ్ళను అడగండి. క్రయోరస్ సంస్థను నడిపిన భార్యాభర్తలు విడిపోయారు. 2021లో ఒకరి తరఫువాళ్ళు లారీలతో వచ్చి మాస్కో దగ్గర గిడ్డంగిలోని పీపాలను ఎక్కించుకుపోతుంటే పోలీసులు ఆపవలసి వచ్చింది. ఆ వారం అక్కడ పేషెంట్లు నిజంగానే కదిలారు.

పోయినవాళ్ళను దాచి ఎదురుచూడటమంటే నాకు వెటకారం లేదు. రామాయణంలో దశరథుడిని నూనె తొట్టిలో ఉంచారు, భరతుడు వచ్చేదాకా. మా నాన్న పోయినప్పుడు తమ్ముడు న్యూజెర్సీ నుంచి రావాలి. టౌను నుంచి ఫ్రీజర్ బాక్సు తెప్పించాం. తెచ్చిన కుర్రాడు రెండు రాత్రులు మా అరుగు మీదే పడుకున్నాడు. కరెంటు పోయినప్పుడల్లా ఎవరూ పిలవకముందే లేచి జనరేటర్ వేశాడు. ఎన్నిసార్లు లేచాడో మాకు చెప్పలేదు, మేం అడగలేదు. మూడో రోజు తెల్లారగట్ల తమ్ముడు వచ్చాడు, అద్దంలోంచి చూశాడు, ఏడ్చాడు. పదిన్నరకు బయల్దేరదీశాం. కుర్రాడు ప్లగ్గు పీకి, బాక్సు తుడిచి, డబ్బు లెక్కపెట్టుకుని ఆటో ఎక్కించాడు. పక్క ఊళ్ళో ఇంకెవరో పోయారట, వాళ్ళ అమ్మాయి దుబాయ్ నుంచి రావాలట.