తగ్గింపు బావగారు

వినయమును విత్తమును ఒకచోట నిలువవని పెద్దలనుచుందురు గాని, ఆ పెద్దలు నరసరావుపేటలో మా బావగారి విత్తనముల దుకాణపు మెట్లెక్కియుండరు. గురజాల ప్రాంతపు లూథరను కుటుంబములో పుట్టి, పిన్ననాట కిరోసిను దీపము కడ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకొని, ఎరువులును పురుగుమందులును మిరప విత్తనములును అమ్మి మూడంతస్తుల మేడ కట్టిన ఈ మహాశయుడు, కొన్నేండ్లుగా సమృద్ధి సువార్తలో ఆరితేరి, దానికి తన సొంత వ్యాఖ్యానమొకటి చేర్చినారు. ఆశీర్వాదము కావలెనన్న తగ్గింపు కావలెను. ఎంత తగ్గిన అంత హెచ్చింపు. కావున తగ్గుటయందు పిసినారితనము పనికిరాదు. ఇట్టివారు ప్రతి సంఘములోను ఒకరైన నుందురనియు, ఇది చదువుచుండగానే పాఠకుల మనస్సున ఎవరో యొకరు తెల్లలాల్చీతో మెదలుదురనియు నా నమ్మకము.

విందునకు పోయినవాడు కడపటి చోట కూర్చుండవలెనని లూకా సువార్త 14వ అధ్యాయమున ప్రభువు చెప్పిన ఉపమానమును బోధకులు నీతిగా బోధింతురు. మా బావగారు దానిని కార్యక్రమముగా గ్రహించిరి. ఆదివారము ఆరాధన మొదలైన పావుగంటకు వచ్చి, కుర్చీలెన్నో ఖాళీగా నున్నను, చెప్పులు విడుచు గుమ్మము ప్రక్కన చాప కొస మీద కూర్చుందురు. అయ్యగారు వేదికపై నుండి చూచి, “అన్నగారు ముందుకు రావాలి” అందురు. బావగారు చేతులు జోడించి తల అడ్డముగా నాడింతురు. మరల పిలుపు, మరల జోడింపు. మూడవ పిలుపునకు ఇద్దరు సంఘపెద్దలు దిగివచ్చి చెరొక రెక్క పట్టి లేవనెత్తగా, సభయంతయు వెనుదిరిగి చూచుచుండగా, నేలచూపులతో నడిమి దారి వెంట మొదటి వరుసకు నడుతురు. ఒకసారి క్రొత్తగా వచ్చిన పిన్నవయస్కుడైన పాస్టరొకడు ఈ మర్యాద యెఱుగక ఆరాధన ముగియువరకు వారిని చెప్పుల దగ్గరనే ఉండనిచ్చినాడు. ఆనాడు ఇంటికి వచ్చి మోకాళ్ళకు తైలము రాయించుకొనుచు, “ఆ కుర్రోడికి ఆత్మల వివేచన లేదు బామ్మర్దీ” అని వారు చేసిన విలాపము విని మా అక్క వంటయింటిలోనికి పోయి నవ్వుకొన్నది.

వారి వినయము మాటలతో ఆగునది కాదు, రాతికెక్కినది. మేడ ముందర నల్లరాతిపై, అల్పుడైన దాసునికి దేవుడు దయచేసిన గృహమని చెక్కించినారు; అందులో దేవుడను మాటకంటె అల్పుడను మాట లావుగా పడినది. అది చెక్కినవాని పొరపాటని బావగారు, కాదని మా అక్క. మందిరమునకు ఆరు పంఖాలు కొనియిచ్చి, రెక్కరెక్కకును “పేరు కోరని దాసుడు” అని వ్రాయించి, దాని క్రింద దుకాణపు ఫోను నంబరు వేయించినారు. పంఖా తిరుగుచున్నంతసేపు ఆ వ్రాత కనబడదు గనుక అది గుప్తదానమే. కరెంటు పోయినపుడు మాత్రము సంఘమంతయు తలలెత్తి చదువును.

సాక్ష్యము చెప్పునపుడు వారి వ్యాకరణము వేరు. “నేనేం కాదు, వట్టి మట్టిని” అని ఆరంభించి, సత్తెనపల్లి రోడ్డులో కొన్న స్థలము, డల్లాసులో కుమారునికి దొరికిన ఉద్యోగము, క్రొత్త కారు, ఇవన్నియు ఆ మట్టిలో నుండి ఎట్లు మొలిచినవో అరగంట వర్ణించి, “మహిమంతా ఆయనకే” అని ముగింతురు. కారు దేవుడిచ్చినది, నెలనెలా బ్యాంకునకు కట్టు వాయిదా ప్రస్తావనకు రాదు, కోటప్పకొండ దారిలో టైరు పంక్చరైన దినమున మాత్రము సాతాను కారకుడు. మందబుద్ధిని, అల్పజ్ఞుడనని పీఠిక మొదలిడి తన ప్రతిభనే నాలుగు పుటలు వర్ణించుకొను మా రచయితల జాతికి దీనిని చూచి నవ్వు హక్కు లేదని నేనెఱుగుదును; అయినను నవ్వు ఆగదు.

డిసెంబరు 31 రాత్రి మందిరములో వాగ్దానపు కార్డులు పంచుదురు. తల, తోకల ప్రసక్తి గల ద్వితీయోపదేశకాండపు 28వ అధ్యాయమో, సరిహద్దుల కొఱకు యబ్బేజు చేసిన ప్రార్థనయో చేతికి తగిలినచో బావగారు దానికి చట్టము కట్టించి గల్లాపెట్టె పైన తగిలింతురు. ఒక యేట వారికి శ్రమలలో ఓర్పును గూర్చిన కార్డు వచ్చినది. రెండుమారులు చదివి, అద్దాలు తుడుచుకొని మరల చదివి, “ఇది నీది, నా చేతికొచ్చింది” అని నా జేబులో పెట్టి, నా కార్డు పుచ్చుకొనిరి. ఆ ఓర్పు కార్డు నేటికిని నా కడనే యున్నది. దాని ఫలితమును గూర్చి నేను సాక్ష్యము చెప్పను.

ఈ సమృద్ధి సువార్తకు విత్తనమే మూలకందము. అమెరికాలో టల్సా నగరపు బోధకుడైన ఓరల్ రాబర్ట్స్, దేవునికిచ్చు కానుకను విత్తనముగా నెంచి పంటకై ఎదురుచూడుమని బోధించి, 1970లో దానిపై గ్రంథమును ప్రకటించెను. ఆ బోధ సముద్రములు దాటి, టీవీలకెక్కి, పల్నాటి మిరపచేల మీదుగా మా బావగారి దుకాణము చేరినది. వింత యేమనగా, విత్తనముల విషయమున ఈ సీమలో మా బావగారికంటె అనుమానపు మనిషి లేడు. 1966 నాటి విత్తన చట్టము ఊరకే వచ్చినదా యని, ప్యాకెట్టు మీద మొలక శాతము చూచి, లాటు నంబరు చూచి గాని ఏ కంపెనీ సరకును దింపుకొనరు. మొలక రాకున్నచో రైతు ఖాళీ ప్యాకెట్టును బిల్లును తువ్వాలున మూటగట్టుకొని వ్యవసాయాధికారి కడకు పోవునని వారికి తెలియును. దాచేపల్లి వైపు రైతులు కొందరు అట్లే మూటలతో వచ్చి దుకాణము ముందు బైఠాయించిననాడు నేనచ్చటనే యుంటిని. అట్టి మనిషి, టీవీలో బోధకుడు వేయి రూపాయల విత్తనమునకు నూరంతల పంట యనగానే మొలక శాతమడుగరు, బిల్లడుగరు. “మొలవకపోతే ఎవరి మీద ఫిర్యాదు బావగారూ?” అంటిని. “మొలవలేదంటే నేల మంచిది కాదన్నమాట” అనిరి. ఆ మాటనే దాచేపల్లి రైతులతో అనియుండిన ఏమి జరిగెడిదో ఇరువురకును స్ఫురించినది కాబోలు, కొంతసేపు మౌనము వహించి కాఫీ తెప్పించినారు.

యోబు గ్రంథమున 42 అధ్యాయములుండగా వారికి కంఠస్థమైనది కడపటిదొక్కటే. నడుమనున్న ఏడుపంతయు “విశ్వాసం చాలనోళ్ళకి” అని వారి నిర్ణయము. 7,000 గొఱ్ఱెలు 14,000 అయినవి, 3,000 ఒంటెలు 6,000 అయినవి. ఈ లెక్కను ఇప్పటి ధరలకు మార్చి ఎరువుల బిల్లు వెనుక వేసి చూపినారు. “మరి పిల్లలు పదిమందికి పదిమందే గదా, రెట్టింపు కాలేదేం?” అంటిని. “పిల్లలు ఖర్చు పద్దు బామ్మర్దీ” అని తడుముకొనక చెప్పినారు.

బావగారి కుటుంబపు ఆ గురజాలకే 1849లో హయ్యరు దొర వచ్చి కాపురముండెను. 1842లో గుంటూరు చేరి, నడుమ స్వదేశమునకు మరలి బాల్టిమోరులో వైద్యము చదివి వచ్చిన ఆ లూథరను మిషనరీ నాటిన సంఘములలోనే బావగారి ముత్తాతలు ప్రార్థన నేర్చిరి. బావగారి తల్లిగారు ఇప్పటికిని ఎసట పోయు ముందు పిడికెడు బియ్యము తీసి మందిరము కొఱకు కుండలో వేయుదురు. ఆ బియ్యముపై ఎవరి పేరును ఉండదు. ఒకనాడు నేను ఒంగోలు మిషనరీ క్లౌ దొర ముచ్చట యెత్తితిని. 1876–78 కరవులో ఆయన బకింగుహాము కాలువ పని గుత్తకు పుచ్చుకొని వేలమందికి కూలి కల్పించి, అన్నము కొఱకు మతము పుచ్చుకొందురేమో యను శంకతో బాప్తిస్మములు నిలిపివేసెను. కరవు సాయము ముగిసిన పిదపనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మములు జరిగినవి. లాభము కొఱకు వచ్చువారిని ఆగుమన్న దొర ఆయన, లాభము కొఱకే రమ్మను బోధకులు వీరు, అని నా వాదము. బావగారు ఆసాంతము విని, “అంతమందీ ఒకచోట చేరినరోజున కానుక పట్టారా?” అని అడిగిరి. ముసలమ్మగారు కుండమూత గట్టిగా పెట్టి, “నీకు ఆశీర్వాదం ఎక్కువైందిరా” అనిరి. తల్లి మాటకు మాత్రము వారు నిజముగనే తగ్గుదురు.

ఇంత వ్రాసి ఈ మాట వ్రాయకుండుట అన్యాయము. 2021–22 పంటకాలమున నల్ల తామర పురుగు పల్నాటి మిరపతోటలపై బడి పూతను నాశనము చేసినపుడు, ఎందరో రైతులు మందులు కొట్టికొట్టి విసిగి, పచ్చని తోటలనే దున్నివేసిరి. ఆ మందులలో చాల భాగము మా బావగారి దుకాణమున అరువుగా పోయినవే. మరుసటి సంవత్సరము మా అక్క బాకీల పుస్తకము తెచ్చి నాకు చూపినది: పుటల వెంట పుటలు వడ్డీ గళ్ళు ఎఱ్ఱ సిరాతో కొట్టివేసియున్నవి. పంక్చరునకు సైతము సాక్ష్యము చెప్పు మనిషి దీనిని ఎన్నడును వేదిక మీద ప్రస్తావించి యెఱుగరు. నా కన్నులు చెమర్చి, “ఇంత తగ్గింపు దాచుకున్నారేం బావగారూ?” అంటిని. వారు చుట్టుప్రక్కల చూచి, గొంతు తగ్గించి, “ఎక్కడా అనబాక. తెలిస్తే మిగతా బాకీలోళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు” అనిరి.

కొట్టివేసినది వడ్డీ మాత్రమే. అసలు మరుసటి పంటకు అణాపైసలతో వసూలు చేసికొనిరి, దానిలో పదియవ వంతు మందిరమునకు ఇచ్చిరి, రసీదు పుచ్చుకొనిరి.