త్యాగం మనది, నూరంతలు వారిది

ఈసారి శ్రమల దినాలు (లెంట్) అనకాపల్లి తుమ్మపాల రోడ్డులో మనుషులకన్నా ముందు కరెంటు స్తంభాలకు వచ్చాయి. ‘త్యాగ ఉపవాస కూడికల’ ఫ్లెక్సీలు అందరూ చూసినవే, వర్ణించను. దైవజనుడు నిలువెత్తున ఉన్నారు, పక్కనే సతీమణి గారున్నారు, కింద ఫోన్‌పే స్కానరుంది. క్రీస్తుకు మాత్రం చోటు చాలలేదు. పుట్టినప్పుడు సత్రంలోనూ దొరకలేదు కదా, ఆయనకు అలవాటే.

దశమ భాగం పాతబడింది. ఇప్పుడంతా విత్తన కానుక. అప్పు చేసైనా వెయ్యి విత్తితే నూరంతలట, అంటే లక్ష. చెరకు పండించే ఊళ్లోకొచ్చి విత్తనం గురించి చెప్పడానికి ధైర్యం కావాలి. అనకాపల్లిలో 1913 నుంచీ చెరకు పరిశోధన కేంద్రం ఉంది. ఎకరానికి నాలుగు టన్నుల ముచ్చెలు నాటి, నీళ్లు పెట్టి, జడలు చుట్టి, ఏడాది కాపలా కాస్తే నలభై టన్నులు రావడం గొప్ప. పదంతలు! నూరేళ్లు దాటిన పరిశోధనకు పదంతలు, దైవజనుడి స్కానరుకు నూరంతలు. శాస్త్రవేత్తలు మట్టి పరీక్షలు మానేసి సాయంత్రం కూడికకు రావడం మంచిది.

నాదో చిన్న సందేహం. పంట అంత గ్యారంటీ అయితే విత్తే పని ఆయనే చేయొచ్చు కదా? మేం పొలంగా ఉంటాం, ఆయన్ని రైతుగా ఉండమనండి. మూతబడిన తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ కార్మికులు జీతాల బకాయిల కోసం ఎన్ని ధర్నాలు చేశారో ఊరికి తెలుసు. అంతకన్నా మంచి బీడు ఎక్కడ దొరుకుతుంది? తలా ఒక వెయ్యి వాళ్ల మీద విత్తి, తలా లక్ష కోసుకుపోమనండి. ఎవరం అడ్డు రాము.

పోనీ, వాక్యం ప్రకారమే చూద్దాం. యేసు చెప్పిన విత్తువాడి ఉపమానంలో నేలలు నాలుగు. దారిన పడ్డవి పిట్టలు తిన్నాయి, రాతినేలవి ఎండిపోయాయి, ముళ్లలోవి అణిగిపోయాయి. నాలుగో నేలే పండింది. పైగా అక్కడ విత్తనమంటే దేవుని వాక్యం, ఐదొందల నోటు కాదు. పండని ఆ మూడు నేలల సంగతి ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

అసలిది విత్తడమే కాదు, కార్శి తోట. ఒకసారి నాటిన మోళ్ల నుంచే మళ్లీ మళ్లీ కోసుకోవడం. పోయినేడు ఇచ్చిన ఆవిడే ఈ ఏడూ ఇవ్వాలి. రైతు నయం, కార్శికైనా ఎరువు వేస్తాడు.

ప్రార్థన నూనె సీసాల గురించి మాట్లాడను. అభిషేకించిన జేబురుమాళ్లు మీరే కొని చూసుకోండి. సాక్ష్యాల వేళ మైకు వీసా వచ్చినవాడికే అందుతుంది, రానివాడు చెప్పుల దగ్గర కూర్చుంటాడు.

ఇక్కడిదాకా నవ్వొచ్చింది. డ్వాక్రా కంతు డబ్బు కవర్లో పెట్టి ఇచ్చిన మనిషి, గ్రూపులో పదిమంది ముందు తలొంచుకుని నిలబడ్డప్పుడు నవ్వు రాదు. బీపీ మాత్ర మానేయడమే విశ్వాసానికి గుర్తని నమ్మినావిడకు నోరు వంకరపోతే అసలే రాదు. అప్పుడు దైవజనుడి జవాబు ఒకటే: ‘నీ విశ్వాసం చాల్లేదమ్మా.’ డబ్బు పోయింది, ఆరోగ్యం పోయింది, చివరికి తప్పూ ఆమెదే అయింది. బూడిదలో కూర్చున్న యోబుకు స్నేహితులు చెప్పిందీ ఇదే. నీలోనే ఏదో లోపముందన్నారు. కథ చివర దేవుడు మండిపడింది ఆ స్నేహితుల మీద. ఆ అధ్యాయం వీళ్లు చదవరా, చదివే దాస్తారా? రెండు కాసులు వేసిన బీద విధవరాలిని ప్రతి ఆదివారం మెచ్చుకుంటారు. దానికి సరిగ్గా ముందు, విధవరాళ్ల ఇళ్లు మింగే శాస్త్రుల్ని యేసు ఎండగట్టిన మాటలు మాత్రం దాటేస్తారు. నేనూ ఆదివారం మందిరానికి వెళ్లేవాణ్నే కాబట్టి తిన్నగా చెబుతున్నా: ఇది దోపిడీ.

త్యాగమంటే ఏమిటో మనకు చూపించినవాళ్లు లేకపోలేదు. 1805లో పక్కనున్న విశాఖపట్నంలో దిగిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదం మొదలుపెట్టారు. ఒకరు 1809లో, ఇంకొకరు 1810లో ఈ నేల మీదే పోయారు. వాళ్లిచ్చింది వాళ్ల ప్రాణం, పక్కవాడి తాళి కాదు. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆకలితో ఉన్నవాళ్లను కానుక అడగలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని పని చూపించి కూలి ఇచ్చాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ కరవు రోజుల్లో బాప్తిస్మాలే ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూలి ముందు, మతం తర్వాత. ఇప్పుడు కానుక ముందు, తర్వాత కూడా కానుకే.

కష్టంలో దేవుణ్ని నమ్ముకోవడం పేదవాడికి మిగిలిన బలం. దాన్ని తాకట్టు పెట్టించకండి. అమ్మా, ఉపవాసం ఉండాలనిపిస్తే ఉండండి, ఆ పూట బియ్యం పక్కింటి ముసలమ్మకివ్వండి. కంతు కట్టండి, మాత్ర వేసుకోండి. కానుక వేసేముందు ఒక్కసారి జమాఖర్చుల పుస్తకం చూపించమని అడగండి. చూపిస్తే సంతోషంగా వేయండి. అడిగినందుకు శపిస్తానంటే, ఆ శాపం నా పేర రాసుకోమనండి.